నడినెత్తిన ధనిష్ఠ

మహాలయ అమావాస్యకు ముందు రాత్రి ఒక హైస్కూలు మైదానంలో, టెలిస్కోపు దగ్గరికి వెళ్ళే ముందు పిల్లలకూ పెద్దలకూ చెప్పిన మాటలు ఇవి. రికార్డింగు విని రాసుకున్నాం.

అందరికీ నమస్కారం. బాబూ, ఆ స్టేజి లైటు కూడా ఆపెయ్యి. సెల్‌ఫోన్లు జేబుల్లో పెట్టుకోండి. చీకటికి కళ్ళు అలవాటు పడాలంటే పావుగంటైనా పడుతుంది. ఈలోపు నేను మాట్లాడతాను, మీరు పైకి చూస్తూ వినండి. నా మొహం చూడాల్సిన పనేం లేదు.

పొద్దున వాన పడింది కాబట్టి ఆకాశం కడిగినట్టుంది. చంద్రుడు లేడు. సరిగ్గా నెత్తి మీదికి చూస్తే మూడు పెద్ద చుక్కలు కనిపిస్తాయి, పెద్ద త్రిభుజంలా. వాయవ్యంగా బాగా మెరిసేది అభిజిత్తు, ఇంగ్లీషులో వేగా. ఉత్తరంగా ఉన్నది డెనెబ్, హంస తోక. దక్షిణం వైపున్నది శ్రవణం, ఆల్టెయిర్ అంటారు. ఆ శ్రవణానికి అటూ ఇటూ రెండు చిన్న చుక్కలు కాపలా ఉన్నట్టు ఉంటాయి. శ్రవణం దగ్గర్నుంచి తూర్పుకు, కాస్త ఉత్తరానికి జరగండి. చెయ్యి చాచి పిడికిలి బిగించి ఆకాశం మీద పెట్టండి. ఒక పిడికిలి దాటి కొంచెం వెళితే చాలు. నాలుగు చిన్న చుక్కలు దగ్గర దగ్గరగా, పక్కకు వాలిన చతురస్రంలా. దాని కింద దక్షిణంగా ఇంకో చుక్క.

దొరికిందా? రెండు వేళ్ళు అడ్డం పెడితే ఆ నాలుగూ దాక్కుంటాయి. అంత చిన్నది. ఇందాక ముందు వరసలో ఒక పాప చూసి "గాలిపటం సార్!" అంది. సంక్రాంతికి ఎగరేసే గాలిపటమూ, దాని తోకా. ఆ పాప పెట్టిన పేరు గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే నేనివాళ మాట్లాడబోయేది పేర్ల గురించే.

ఇప్పుడు ఆకాశాన్ని 88 నక్షత్ర మండలాలుగా పంచుకున్నారు కదా, వాటిలో ఇది వైశాల్యంలో 69వది. అధికారికంగా దీని పేరు డెల్ఫినస్, అంటే డాల్ఫిన్. ఉత్తర ఖగోళంలో ఉన్న చిన్న మండలం. మనకు దీనితో ఒక ప్రత్యేకమైన చుట్టరికం ఉంది. కర్నూలు, గుంటూరు భూమధ్యరేఖకు దాదాపు 16 డిగ్రీల ఉత్తరాన ఉన్నాయి. ఈ నాలుగు చుక్కలూ ఖగోళ మధ్యరేఖకు, అంటే భూమధ్యరేఖకు నేరుగా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు, దాదాపు అంతే ఉత్తరాన ఉన్నాయి. కాబట్టి రోజుకొకసారి ఇవి అచ్చంగా మన నడినెత్తి మీంచి వెళతాయి. గ్రీసులో నిలబడిన మనిషికి ఇవి కొంచెం దక్షిణానికి వాలి కనిపిస్తాయి. మనకు మాత్రం నిట్టనిలువుగా, బావిలో రాయి వేస్తే పడేంత నిటారుగా పైన ఉంటాయి.

ఈ చుక్కలకు మన పేరు ధనిష్ఠ. అవును, అదే ధనిష్ఠ. పంచాంగంలో ఇరవై మూడోది.

ఆ పేరు చెప్పగానే పెద్దవాళ్ళలో కొందరి మొహాలు ఎలా మారి ఉంటాయో చీకట్లో కూడా ఊహించగలను. మా ఇంట్లో నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు నాయనమ్మ పోయింది. పురోహితుడు పంచాంగం చూసి ధనిష్ఠా పంచకం అన్నారు, అంటే చావు జరిగితే ఇంటికి కీడని భయపడే రోజులు. ఆమె పోయిన గదికి తాళం వేశారు. ఆరు నెలలు. ఆ గదిలోనే నా గోళీల డబ్బా ఉండిపోయింది. రోజూ ఆ తలుపు ముందు నుంచి బడికి వెళ్ళేటప్పుడు పరిగెత్తేవాణ్ణి. ధనిష్ఠ అంటే ఏదో చీకటి మనిషి, తలుపు వెనకాల కూచుందని అనుకునేవాణ్ణి. మా నాన్నకు కూడా అందులో ఎంత నమ్మకమో తెలియదు, కానీ ఇంట్లో పిల్లలున్నారు, ఎందుకొచ్చిన టెన్షన్ అని తాళం వేసి ఉంటాడు. ఆయన్ని నేను తప్పుపట్టను. చావు జరిగిన ఇంట్లో మనిషి ఏదో ఒక కట్టుబాటును పట్టుకుని నిలబడతాడు.

చాలా ఏళ్ళ తర్వాత, కాలేజీ రోజుల్లో, ఒక మాస్టారు మేడ మీద నాకు ఈ నాలుగు చుక్కలు చూపించి "అదిగో ధనిష్ఠ" అన్నారు. నేను చాలాసేపు మాట్లాడలేదు. ఇంత చిన్నదా? ఇంత ముద్దుగా ఉంటుందా? ఆ రోజు నుంచి ఈ పేరు ఎక్కడిదో వెతకడం మొదలుపెట్టాను.

ముందు గ్రీకుల సంగతి చెప్తాను. డెల్ఫిస్ అనే గ్రీకు మాట గర్భం అనే అర్థమున్న డెల్ఫిస్ అనే మరో మాటకు దగ్గరి చుట్టం. రెండో దాంట్లో చివరి అచ్చు కొంచెం వేరుగా పలుకుతారు, తెలుగులో రాస్తే ఒకేలా కనిపిస్తాయి. చేపలా కనిపిస్తూ గుడ్లు పెట్టకుండా పిల్లల్ని కనే జీవి అని వాళ్ళు గమనించారు. మధ్యధరా సముద్రంలో ఓడ నడిపేవాళ్ళకు డాల్ఫిన్లు రోజూ కనిపించేవే. ఓడ పక్కన నీళ్ళలోంచి విల్లులా వంగి ఎగిరి మళ్ళీ మునుగుతాయి. విశాఖ దగ్గర సముద్రంలోకి వెళ్ళేవాళ్ళలో కూడా చూసినవాళ్ళు ఉన్నారు. ఆ వంపు ఒకసారి కంటితో చూసిన మనిషికి ఈ చుక్కలు డాల్ఫిన్‌లా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. ఆ చతురస్రం తల, కింద చుక్క తోక. పాలపుంత అంచున, నీళ్ళలోంచి అప్పుడే ఎగిరినట్టు ఉంటుంది.

వాళ్ళు దీనికి రెండు కథలు చెప్పుకున్నారు. మొదటిది పెళ్ళి కథ. సముద్ర దేవుడు పొసైడన్ ఆంఫిట్రైటిని చేసుకోవాలనుకున్నాడు. ఆమె ఇష్టంలేక పారిపోయి దాక్కుంది. వెతకడానికి వెళ్ళినవాళ్ళలో డాల్ఫిన్ ఆమెను కనిపెట్టి, నచ్చజెప్పి తీసుకొచ్చింది. పెళ్ళి కుదిర్చిన మధ్యవర్తికి బహుమానంగా ఆకాశంలో చోటిచ్చాడు.

రెండో కథ నాకు ఎక్కువ ఇష్టం. అది పాటగాడి కథ. ఆరియన్ అనే గాయకుడు లెస్బోస్ దీవివాడు. మనం మృగశిర దగ్గర చూసే ఒరాయన్ వేరు, ఇతను వేరు. కోరింత్ పాలకుడు పెరియాండర్ దగ్గర ఉండేవాడు. ఇటలీకీ సిసిలీకీ వెళ్ళి పాడి బాగా డబ్బు సంపాదించాడు. తిరుగు ప్రయాణానికి కోరింత్ నావికుల్నే నమ్మి వాళ్ళ ఓడ కుదుర్చుకున్నాడు. నడిసముద్రంలో వాళ్ళు డబ్బు కోసం చంపాలని చూశారు. డబ్బంతా తీసుకోండి, ప్రాణం వదలండి అని బతిమాలాడు. వినలేదు. నీ అంతట నువ్వు చస్తే ఒడ్డున పాతిపెడతాం, లేకపోతే ఇప్పుడే సముద్రంలోకి దూకు అన్నారు. సరే, చివరిగా ఒక్క పాట పాడనివ్వండి అని అడిగాడు. కచేరీ బట్టలు మొత్తం వేసుకుని, వాద్యం చేతిలోకి తీసుకుని, ఓడ మీద నిలబడి పాడాడు. పాట అయిపోగానే ఆ బట్టలతోనే దూకాడు. ఒక డాల్ఫిన్ అతణ్ణి వీపు మీద ఎక్కించుకుని దక్షిణ గ్రీసులోని టైనరమ్ అనే చోట ఒడ్డున దించింది.

ఈ కథను క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో హెరడోటస్ రాశాడు. తర్వాత జరిగింది కూడా చెప్పాడు. ఆరియన్ చెప్పింది పెరియాండర్ నమ్మలేదు. అతణ్ణి కాపలాలో పెట్టి, ఓడ వచ్చేదాకా ఆగాడు. నావికుల్ని పిలిచి ఆరియన్ ఎలా ఉన్నాడని అడిగితే, ఇటలీలో క్షేమంగా ఉన్నాడు అన్నారు. అప్పుడు ఆరియన్ దూకినప్పటి బట్టలతోనే ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. హెరడోటస్ ఇందులో చుక్కల ఊసు ఎత్తలేదు. ఆ డాల్ఫిన్‌కు ఆకాశంలో చోటు దక్కిందని చెప్పినవాళ్ళు తర్వాతి వాళ్ళు; రోమన్ కవి ఓవిడ్ వాళ్ళలో ఒకడు. ఎరటోస్తనీస్ పేరు మీద ఉన్న నక్షత్ర కథల గ్రంథంలో ఇంకో అందమైన మాట ఉంది. డాల్ఫిన్‌లో తొమ్మిది చుక్కలున్నాయట, కళల దేవతలు తొమ్మిది మంది కాబట్టి, ఆ జీవికి సంగీతం ఇష్టం కాబట్టి.

సంగీతం అన్న మాట పక్కన పెట్టుకోండి, మళ్ళీ దానికి వస్తాను.

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. ఇక్కడ నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, నేను ఇక్కడికి వచ్చింది అసలు ఇది చెప్పడానికే.

ధనిష్ఠ అనేది తర్వాతి పేరు. వేదంలో ఉన్న పేరు శ్రవిష్ఠ. గుళ్ళో, ఇళ్ళలో నక్షత్ర సూక్తం చదివేటప్పుడు విని ఉంటారు: "అష్టౌ దేవా వసవః సోమ్యాసః, చతస్రో దేవీరజరాః శ్రవిష్ఠాః". తైత్తిరీయ బ్రాహ్మణంలోది. ఎనిమిది మంది వసువులు, ముసలితనం లేని నలుగురు దేవేరులు శ్రవిష్ఠలు. నలుగురు! పైకి చూడండి. ఆ నాలుగు చుక్కల్నీ లెక్కపెట్టి మరీ మంత్రంలో పెట్టారు. మనం అర్థం తెలియకుండా వందలసార్లు విన్న మంత్రంలో, మనిషి కంటితో చూసి లెక్కపెట్టిన లెక్క ఉంది. ఇది తెలిసిన రోజు నాకు ఒళ్ళు జలదరించింది.

శ్రవస్సు అంటే కీర్తి. శ్రవిష్ఠ అంటే అందరికన్నా ఎక్కువ కీర్తి గలది. ఇక్కడే నా ప్రశ్న. మీరే చూస్తున్నారు, ఇవి మసక చుక్కలు. పట్నంలో అయితే కనిపించవు కూడా. పక్కనే శ్రవణం ధగధగలాడుతోంది, అటు అభిజిత్తు ఇంకా. వాటిని వదిలేసి ఈ బుల్లి చుక్కలకు 'అత్యంత కీర్తిమంతురాలు' అని ఎందుకు పేరు పెట్టారు?

ఇంకో విడ్డూరం చెప్తాను. నక్షత్రాలంటే చంద్రుడు రోజుకొకటి చొప్పున దాటిపోయే మజిలీలు కదా. కృత్తిక, రోహిణి, మఖ, చిత్త, ఇవన్నీ చంద్రుడి దారిలోనో దాని పక్కనో ఉంటాయి. ధనిష్ఠ మాత్రం ఆ దారికి 30 డిగ్రీలకు పైగా ఉత్తరాన ఉంది. చంద్రుడు ఏనాడూ దీని దగ్గరికి రాడు. ఇంకో పది పన్నెండు రోజుల్లో, దసరా వెళ్ళగానే, పంచాంగంలో చంద్రుడు ధనిష్ఠలో ఉన్నాడని చూస్తారు. ఆ రాత్రి బయటికి వచ్చి చూడండి. చంద్రుడు ఎక్కడో దక్షిణాన ఉంటాడు, ఈ గాలిపటం నెత్తి మీద ఉంటుంది. మజిలీకి పేరు ఇచ్చింది ఇదే, కానీ దారి వేరు. మసకగా ఉండి, దారికి దూరంగా ఉండి కూడా ఇరవై ఏడింటిలో చోటు సంపాదించి, కీర్తిమంతురాలు అనిపించుకుంది.

దీనికి జవాబు వేదాంగ జ్యోతిషంలో దొరుకుతుందని నా నమ్మకం. లగధుడి పేరు మీద ఉన్న గ్రంథం, మనకు దొరికిన ఖగోళ గ్రంథాల్లో అత్యంత పాతది. అందులో ఉంది: "ప్రపద్యేతే శ్రవిష్ఠాదౌ సూర్యాచంద్రమసావుదక్". సూర్యుడూ చంద్రుడూ శ్రవిష్ఠ మొదట్లో ఉన్నప్పుడు ఉత్తరానికి తిరుగుతారు. అంటే ఉత్తరాయణం ధనిష్ఠతో మొదలు. ఐదేళ్ళ యుగం అక్కడ మొదలు. మాఘమాసం, శుక్లపక్షం, సంవత్సరానికి గుమ్మం అదే. చలికాలం నడిమధ్యలో, పగళ్ళు చిన్నవైపోతూ వచ్చి వచ్చి ఆగి, మళ్ళీ పెరగడం మొదలయ్యే రోజు. వెలుగు తిరిగి వచ్చే రోజు. ఆ గుమ్మానికి పైన వేలాడదీసిన దీపం ఈ నాలుగు చుక్కలు. అలాంటి చుక్కకు కీర్తి రాకుండా ఎలా ఉంటుంది? మిలమిల వల్ల వచ్చిన పేరు కాదది, చేసిన పని వల్ల వచ్చిన పేరు.

ఆ పని ఎప్పుడు చేసిందో లెక్క కట్టొచ్చు. పిల్లలూ, ఇది జాగ్రత్తగా వినండి. భూమి బొంగరంలా తిరుగుతూ తిరుగుతూ మెల్లగా తల తిప్పుతుంది. దానివల్ల ఉత్తరాయణ బిందువు చుక్కల మధ్య 72 ఏళ్ళకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతుంది. ఒక నక్షత్రం వెడల్పు 13 డిగ్రీల 20 నిమిషాలు. కాబట్టి ఒక నక్షత్రం దాటడానికి 960 ఏళ్ళు. ఇప్పుడు డిసెంబరు 21, 22 తేదీల్లో, నిజంగా పగలు పెరగడం మొదలయ్యే రోజున, మన పంచాంగం ప్రకారం సూర్యుడు మూల నక్షత్రం మధ్యకు దగ్గర్లో ఉంటాడు. ధనిష్ఠ మొదలు నుంచి అక్కడికి మూడున్నర నక్షత్రాలు. శ్రవణం, ఉత్తరాషాఢ, పూర్వాషాఢ, మూలలో సగం పైన. లెక్క వేయండి. సుమారు 3400 ఏళ్ళు. క్రీస్తుపూర్వం 14వ శతాబ్దం దగ్గర తేలుతుంది. విభాగం ఎక్కడ మొదలుపెట్టాలనే దాన్ని బట్టి పండితులు ఒకటి రెండు శతాబ్దాలు అటూ ఇటూ చెప్తారు. గ్రంథం ఇప్పుడున్న రూపంలో తర్వాత రాసింది కావచ్చు, భాష చూస్తే అలాగే ఉంటుంది. కానీ ఆ పరిశీలన మాత్రం ఎవరో చలికి వణుకుతూ, తెల్లవారుజామున నిలబడి, కంటితో చేసినదే.

తర్వాత గుమ్మం జరిగిపోయింది. అది కూడా మనవాళ్ళు రాసిపెట్టారు. మహాభారతం అరణ్యపర్వంలో కుమారస్వామి కథలో ఇంద్రుడు స్కందుడితో అంటాడు: రోహిణికి చెల్లెలైన అభిజిత్తు పెద్దరికం కోసం పోటీపడి తపస్సుకు అడవికి వెళ్ళిపోయింది, ఆకాశంలో ఒక నక్షత్రం తగ్గింది, నువ్వు బ్రహ్మతో ఆలోచించు అని. అప్పుడు బ్రహ్మ కాలాన్ని ధనిష్ఠ మొదలుగా ఏర్పరిచాడు. అంతకు ముందు రోహిణి మొదలుగా ఉండేదట. అదే భారతంలో అశ్వమేధపర్వం దగ్గరికి వచ్చేసరికి నక్షత్రాలు శ్రవణం మొదలుగా అని ఉంటుంది. రోహిణి, ధనిష్ఠ, శ్రవణం. ఇప్పుడు మనం పిల్లలకు నేర్పేది అశ్విని, భరణి, కృత్తిక. ఒకే జాబితాకు మొదలు మార్చుకుంటూ వచ్చారు. ఆకాశం మారినప్పుడల్లా లెక్క సరిచేసుకున్నవాళ్ళ గురించి ఎంత గౌరవంగా మాట్లాడినా తక్కువే.

భీష్ముడి సంగతి నాకు తోచినది ఒకటి చెప్తాను. ఇది ఏ వ్యాఖ్యానంలోనూ చూసి చెప్పడం లేదు, నా ఆలోచన. ధనిష్ఠకు అధిదేవతలు వసువులు. భీష్ముడు ఎవరు? శాపంతో భూమి మీద పుట్టిన వసువు. అంపశయ్య మీద ఆయన దేనికోసం ఆగాడు? ఉత్తరాయణం కోసం. వేదాంగ జ్యోతిషం కాలపు ఆకాశాన్ని మనసులో పెట్టుకుని చూడండి. సూర్యుడు ధనిష్ఠకు చేరితేనే ఉత్తరాయణం. అంటే ఒక వసువు తన ఇంటి చుక్కకు సూర్యుడు వచ్చేదాకా ప్రాణం బిగబట్టుకుని ఆగాడు. ఈ ముక్క తట్టినప్పుడు నాకు మా నాయనమ్మ గది గుర్తొచ్చింది. ఏ చుక్క దగ్గరికి సూర్యుడు వస్తే పుణ్యకాలం అని భీష్ముడు ఎదురుచూశాడో, ఆ చుక్క పేరు చెప్పి మేము తలుపుకు తాళం వేశాం.

ధనిష్ఠా పంచకం ఎలా లెక్కిస్తారో కూడా తెలుసుకోండి. చంద్రుడు ధనిష్ఠ రెండో సగం, శతభిషం, పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర, రేవతి దాటే నాలుగైదు రోజులు. అంటే కుంభ, మీన రాశుల్లో ఉండే కాలం. ప్రతి నెలా వస్తుంది. పైన ఉన్న ఈ నాలుగు చుక్కలు ఆ రోజుల్లో వేరే ఏమీ చెయ్యవు. ఈ రాత్రి ఎలా ఉన్నాయో అప్పుడూ అలాగే ఉంటాయి. ఆచారం పాటించాలా వద్దా అనేది మీ ఇంటి పెద్దలు తేల్చుకునే విషయం. పిల్లలు మాత్రం భయపడి తలుపు ముందు నుంచి పరిగెత్తకూడదు. నేను అడిగేది అంతే.

ధనిష్ఠ అన్న పేరులో ధనం ఉంది, బాగా ధనం గలది అని అర్థం. వసువు అన్న మాటకూ సంపద అనే అర్థం ఉంది కాబట్టి ఆ పేరు అతికింది. ఈ పేరు ఆకాశంలోనే ఆగలేదు, మీ ఆధార్ కార్డుల్లోకి కూడా వచ్చింది. ధనిష్ఠలో పుట్టినవాళ్ళకు నామాక్షరాలు గా, గీ, గూ, గే. ఇక్కడ గిరిజలు, గిరిధర్‌లు, గణేశ్‌లు, గీతలు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. చూశారా! అందరూ కాకపోయినా మీలో కొందరి పేరు ఈ నాలుగు చుక్కల్ని చూసి పెట్టిందే. ఇవాళ ఇంటికెళ్ళి అమ్మనడగండి.

సంగీతానికి మళ్ళీ వస్తానన్నాను. మన జ్యోతిష గ్రంథాల్లో ప్రతి నక్షత్రానికీ ఒక ఆకారం చెప్తారు. ధనిష్ఠ ఆకారం మద్దెల. అటు గ్రీకులకు సంగీతమంటే ఇష్టపడే జీవి, ఇటు మనకు మద్దెల. ఒకరిని చూసి ఒకరు పెట్టారని నేననను, ఆధారం లేకుండా అలా అనకూడదు. కానీ ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే మనసుకు హాయిగా ఉంటుంది. ఇంకొకటి. భాగవతం ఐదో స్కంధంలో శిశుమార చక్రం ఉంది. ఆకాశమంతా ఒక పెద్ద జలచరంలా, తోక కొసన ధ్రువుడు, ఒంటి నిండా నక్షత్రాలు. శిశుమారం అంటే గంగలో ఉండే డాల్ఫిన్ అని నిఘంటువులు చెప్తాయి, మొసలి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆ శిశుమారం ఒంట్లో ధనిష్ఠ ఎక్కడుందో తెలుసా? చెవి దగ్గర. ఒక చెవికి ధనిష్ఠ, రెండో చెవికి మూల. ఇందాక లెక్కలో చెప్పిన మూలే.

చైనావాళ్ళ సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. వాళ్ళు ఈ చతురస్రాన్ని మంచి సొరకాయ అన్నారు, తోక వైపు చుక్కల్ని పాడైపోయిన కాయ అన్నారు. పాదు పెట్టుకుని బతికినవాళ్ళ చూపు అది. ఇంగ్లీషు వాడుకలో దీన్ని యోబు శవపేటిక అని కూడా అంటారు. బైబిల్లో యోబు గ్రంథం చదివినవాళ్ళకు తెలుసు, అందులో కృత్తిక, మృగశిర చుక్కల ప్రస్తావన ఉంది కానీ పేటిక ఎక్కడా లేదు.

మండలం పేరు సంగతి అయింది. ఇప్పుడు చుక్కల సొంత పేర్లు. ఇది పిల్లల కోసం దాచాను.

ఈ నాలుగింటిలో రెండింటికి విచిత్రమైన పేర్లున్నాయి. ఒకటి స్వాలొసిన్, రెండోది రొటనెవ్. నక్షత్రాల ఇంగ్లీషు పేర్లు చాలావరకు అరబ్బీ నుంచి వచ్చినవి. ఇక్కడే తోకలో ఉన్న చుక్కను ఆల్డల్ఫిన్ అంటారు, అది అరబ్బీలో డాల్ఫిన్ తోక అనే మాట నుంచి మిగిలిన ముక్క. కానీ స్వాలొసిన్, రొటనెవ్ అరబ్బీ కాదు, గ్రీకు కాదు, లాటిన్ కాదు. 1814లో ఇటలీలోని పలెర్మో వేధశాల అచ్చువేసిన నక్షత్రాల పట్టికలో ఉన్నట్టుండి కనిపించాయి. ఆ వేధశాల పెద్ద జుసెప్పె పియాజీ, 1801 జనవరి 1న సెరెస్ అనే మరుగుజ్జు గ్రహాన్ని కనిపెట్టినాయన. ఈ పేర్లు ఎక్కడివని పుస్తకాలన్నీ వెతికినా దొరకలేదు. ఇంగ్లండులో థామస్ వెబ్ అనే మతగురువు, టెలిస్కోపుతో చుక్కలు చూసే అలవాటున్న మనిషి, 1859లో గుట్టు విప్పాడు.

వికటకవి అన్న మాట మీకు తెలుసు, ఎటు నుంచి చదివినా ఒకటే. ఇది ఎటు నుంచి చదివితే అటు వేరు. ఇంగ్లీషు అక్షరాలు చెప్తాను, చివర్నుంచి మొదటికి చదవండి. ఎస్, యు, ఏ, ఎల్, ఓ, సి, ఐ, ఎన్. తిప్పితే ఎన్, ఐ, సి, ఓ, ఎల్, ఏ, యు, ఎస్. నికొలాస్! రెండోది ఆర్, ఓ, టి, ఏ, ఎన్, ఈ, వి. తిప్పితే వి, ఈ, ఎన్, ఏ, టి, ఓ, ఆర్. వెనేటర్. వెనేటర్ అంటే లాటిన్‌లో వేటగాడు. పియాజీ దగ్గర సహాయకుడిగా పనిచేసినతని పేరు నికోలో కాచియాతోరే. ఇటాలియన్‌లో కాచియాతోరే అన్నా వేటగాడే. తన పేరును లాటిన్‌లోకి మార్చి, తిరగేసి, ముక్కలు చేసి రెండు చుక్కలకు పెట్టాడు. లేదా పియాజీయే ముద్దుగా పెట్టి ఉండొచ్చు.

కొందరు దీన్ని దొంగతనం అంటారు. నేను అలా అనుకోను. చుక్కల పట్టిక తయారు చెయ్యడమంటే ఏమిటో ఆలోచించండి. వేల చుక్కలు. ఒక్కోదాన్ని ఎన్నో రాత్రులు చూసి, కాలం రాసి, కోణం రాసి, పగలంతా కూచుని లెక్కలు కట్టాలి. పట్టిక మీద పెద్దాయన పేరు పడుతుంది. కింద పనిచేసినవాడు చీకట్లో కళ్ళు పోగొట్టుకున్నాడు. అతని పేరు తిరగబడైనా సరే రెండు చుక్కల మీద నిలిచిందంటే నాకు సంతోషమే. 1817లో కాచియాతోరే ఆ వేధశాలకు డైరెక్టర్ అయ్యాడు. 2016లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆ రెండు పేర్లనూ అధికారికంగా ఖాయం చేసింది.

ఇంకో మాట. స్వాలొసిన్ మనకు సుమారు 250 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. కాచియాతోరే 1770లో పుట్టాడు. ఇప్పుడు మీ కంట్లో పడుతున్న వెలుగు దాదాపు అతను ఉయ్యాల్లో ఉన్న రోజుల్లో బయల్దేరింది. రొటనెవ్ మాత్రం 100 కాంతి సంవత్సరాలే, మన తాతముత్తాతల కాలం వెలుగు. పక్కపక్కనే ఉన్నట్టు కనిపించే ఈ చుక్కలు నిజానికి ఒకదానికొకటి చాలా దూరం. నాలుగు వేర్వేరు కాలాల వెలుగు ఒకే రాత్రి వచ్చి మన కంట్లో గాలిపటంగా నిలబడింది.

పేర్లు పెట్టడం ఇంకా ఆగలేదు. ఈ మండలంలోనే 18 డెల్ఫినీ అనే మసక చుక్క చుట్టూ 2008లో ఒక పెద్ద గ్రహాన్ని కనుక్కున్నారు, బృహస్పతికి పదింతల బరువు. 2015లో జనం ఓట్లు వేసి ఆ చుక్కకు మ్యూజికా అనీ, గ్రహానికి ఆరియన్ అనీ పేర్లు పెట్టారు. పేరు సూచించింది జపాన్‌లోని తొకుషిమా వాళ్ళు. రెండున్నర వేల ఏళ్ళ నాటి పాటగాడు ఇప్పుడు గ్రహమై సంగీతం చుట్టూ తిరుగుతున్నాడు.

ఇక్కడ కొత్త చుక్కలు కూడా పుట్టాయి. పుట్టడం అంటే పాత చుక్క హఠాత్తుగా మండడం, నోవా అంటారు. 1967లో ఇంగ్లండులో జార్జ్ ఆల్కాక్ అనే బడిపంతులు బైనాక్యులర్స్‌తో ఒకటి పట్టుకున్నాడు. ఆయన ఆకాశంలో వేల చుక్కల అమరికను బట్టీ పట్టాడు, అందుకే ఒకటి ఎక్కువైతే వెంటనే తెలిసిపోయింది. మనం ఎక్కాలు బట్టీ పట్టినట్టు ఆయన ఆకాశాన్ని బట్టీ పట్టాడు. మళ్ళీ 2013 ఆగస్టు 14న జపాన్‌లో కొయిచి ఇతగాకి ఇంకొకటి కనుక్కున్నాడు. అది మామూలు కంటికి కూడా కనిపించింది. మనకు వానాకాలం కదా, నేను మూడు రాత్రులు మేడ మీద మబ్బుల కోసం కాపలా కాశాను. మూడో రాత్రి పది నిమిషాలు మబ్బు విడిచింది. గాలిపటానికి ఉత్తరంగా, అంతకు ముందు ఏమీ లేని చోట ఒక చుక్క. ఆ పది నిమిషాలు నాకు ఇప్పటికీ చాలు.

సరే, కళ్ళు అలవాటు పడ్డాయి కదా. టెలిస్కోపులో గామా డెల్ఫినీ పెట్టాను. గాలిపటానికి తూర్పు మూల, ముక్కు దగ్గరున్న చుక్క. కంటికి ఒకటే. అద్దంలోంచి చూస్తే రెండు. ఒకటి పసుపు బంగారం రంగులో ఉంటుంది. రెండోది ఒకరికి నీలంగా, ఒకరికి లేత ఆకుపచ్చగా కనిపిస్తుంది. మీకు ఏ రంగు కనిపించిందో నాకు చెప్పండి, పక్కవాళ్ళు చెప్పింది వినకుండా మీ కంటికి కనిపించిందే చెప్పండి. గొట్టాన్ని చేత్తో ముట్టుకోవద్దు, కదిలిపోతుంది.

ముందు గాలిపటం అన్న పాప రామ్మా. తర్వాత చేతులెత్తిన గిరిజలు, గణేశ్‌లు.